బాపు దస్కత్

"ఇవి ఎవ్వని దస్కత్‌లే? నోరిప్పు. ఎవ్వనివి?"

అక్క జిరాక్స్ కాయితం మొకం ముందల పెట్టి అడుగుతుంది. మహిత స్కూలు బ్యాగును కడుపుకు పట్టుకొని గోడకు ఆనుకున్నది. నేను గడప కాడ ఒక సెప్పు ఇడిసి, ఇంకోటి కాలికే ఉంచుకొని ఆగిపోయిన.

రోజూ పొద్దుగాల ఏడింటికి నా ఆటో చిట్కుల్ల అక్క కిరాయింటి ముందల ఆగుతది. కోడలు పిల్ల మహితను ఇస్నాపూర్ల బడి కాడ దింపినంకనే నా గిరాకీ. గియ్యాల కూడ గట్లనే వచ్చిన, నవ్వుకుంట.

"ఏమైందే అరుణక్కా, చాయ్ గిట్ల తాగకముందే లొల్లి షురూ జేసినవ్?"

"నీ పరాచికాలు బంజెయ్ ఐలా. ఇగో, నువ్వే సూడు. నిన్న మన వకీలు శివరామకృష్ణ సారు నా సేతుల పెట్టిండు."

సూసిన.

మహిత పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు. జూన్ నుంచి నవంబరు దాంక ఆరు వరుసలు. ఒక్కో వరుస సివర బావ పేరు, చంద్రకాంత్ అని, గొలుసు లెక్క గుండ్రంగ గీకిన దస్కత్. దాని పక్కకు ఒక ముక్క. 'శభాష్ బిడ్డ. మంచిగ సదువు.' ఇంకో నెల, 'లెక్కలకు బుగులు పడకు. మంచిగ సదువు.'

"ఆయన కోర్టుల ఇచ్చిండట గిది," అన్నది అక్క. "నా బిడ్డ సదువు నేనే అర్సుకుంటున్న, నెలనెలా కార్డు నేనే సూస్తున్న, పిల్లను నాకే ఇప్పియ్యుండ్రి అని. రేపే జడ్జమ్మ పిల్లను పిలిసి అడిగేది. గిది సూసినంక ఇంకేం అడుగుతది?"

"అరె, దస్కతే గదనే. గా గీతలు సూడు, కోడి బురదల నడిసినట్టున్నయ్. అది బావదే అని ఏం గ్యారంటీ?"

"పదిహేనేండ్లు కాపురం జేసిన. ఆయన దస్కత్ నాకెరిక లేదా? ఆయనదే."

నా దిల్ల ఒక్క సెకను కుశీ అయింది. సిగ్గులేని మనిషిని.

అక్క మహిత దిక్కు తిరిగింది. గొంతు తగ్గిచ్చింది. గట్ల తగ్గిచ్చినప్పుడే నాకు బుగులు.

"యాడ కలుస్తున్నవే మీ బాపుని?"

పిల్ల బ్యాగును ఇంకింత గట్టిగ అదుముకున్నది.

"సూడు కాదు చూడు అనాలె, సెప్పు కాదు చెప్పు అనాలె అని నన్ను మంది ముందల దిద్దినోడు. నోరు తిరగని మొద్దు అని నన్ను, సదువు రాదని మీ మామను నవ్వినోడు. రెండేండ్లాయె బయటికొచ్చి. ఒక్కనాడన్న ఈ ఇంటి గల్మ తొక్కిండా? ఒక్క పండుగకన్న బిడ్డా అని ఫోన్ జేసిండా? యాడ కలుస్తున్నవ్?"

"స్కూల్ గేటు కాడ," అన్నది మహిత.

నా కాలికున్న సెప్పు జారింది.

అబద్ధం. శుద్ధ అబద్ధం. ఇస్నాపూర్ చౌరస్తల కంపెనీ బస్సు ఎక్కెటప్పుడు బాపు నాకు కలుస్తడు, కార్డు సూసి దస్కత్ పెట్టి ఇస్తడు అని నేనే దానికి సెప్పిన. గేటు ముచ్చట యాడికెళ్లి వచ్చింది? నన్ను కాపాడుతుంది పాపం, నడుమల మామ ఉన్నడంటే అమ్మ కొట్లాడుతదని. గట్లనే అనుకున్న గప్పుడు.

అక్క మంచం మీద కూసున్నది. లేసింది. మళ్ల కూసున్నది.

"నా సేతి బువ్వ తింటవ్. ఫ్యాక్టరీల పన్నెండు గంటలు నిలవడి డబ్బాలకు అట్టలు సుట్టి వచ్చిన కాళ్లు ఒత్తుతవ్. మళ్ల ఆయన్ని గేటు కాడ కలుస్తవ్. మంచిదమ్మా. పో. రేపు జడ్జమ్మ అడిగితే బాపు తోనే ఉంట అని సెప్పు. పో."

"అక్కా, గట్లనకే..."

"నువ్వు నడుమల రాకు."

మహిత తల ఎత్తి అమ్మను సూసింది. ఏడ్వలే. ఏడిస్తే అక్క కరిగిపోతుండె. కంపెనీ బస్సు హారన్ కొట్టింది. అక్క డబ్బా తీస్కపోకుంటనే ఎల్లిపోయింది. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే నేనే పోయి బంజేసిన.

సెప్పాల్సింది గప్పుడే. నోటి దాంక వచ్చింది. కాని పిల్ల ముందల ఎట్ల సెప్తరు? మీ బాపు నీ కార్డు ఒక్కసారి సూడలే, గీ రాతలన్నీ నీ మామ ఆటోల కూసోని గీకినవే అని?

నేనేం దొంగ పని అనుకొని సెయ్యలే. పెండ్లైన కొత్తల బావ పేరు మీద అక్కకు ప్రేమ ఉత్తరం రాసి ఇంటిల్లిపాదిని నవ్విచ్చిన సెయ్యి ఇది. పోయిన జూన్ల బడిల కార్డు ఇచ్చిన్రు. అక్క దస్కత్ పెట్టి పంపింది. టీచరు క్లాసుల అందరి ముందల అడిగిందట, అమ్మదే ఉన్నదేంది, నాన్న లేడా అని. అడిగిందే గంతే, ఇంకేం అనలే. కాని మహిత మూడు దినాలు బడికి పోలే. కడుపునొస్తుంది అన్నది. కండ్లకింద నల్లగైంది. నేను ఆటోల కూసోబెట్టుకొని, "ఏయ్ కోడలా, ఇటియ్ కార్డు, మీ బాపుతోని పెట్టిచ్చుకొస్త" అన్న. అక్క దస్కత్ మీద తెల్ల మందు రాసి, మీద బావది గీకిన. ఒట్టిగ ఏం బాగుంటదని పక్కకు 'శభాష్ బిడ్డ' రాసిన.

అది సూసి పిల్ల నవ్వింది. మూడు దినాల తర్వాత. గా నవ్వు కోసం ఆరు నెల్లు గీకిన.

గియ్యాల ఆటోల మహిత ఎనక సీట్ల కూసున్నది. నేను వాళ్ల లెక్కల సారు లెక్క ముక్కుల మాట్లాడిన. ఎప్పుడూ పగలబడి నవ్వుతది. నవ్వలే.

"మామా, రేపు జడ్జి ఏమడుగుతది?"

"పప్పు ఇష్టమా, కోడికూర ఇష్టమా అంటది. కోడికూర అన్నవనుకో, కేసు గెల్సినట్టే."

"నేను చెప్పింది రాస్కుంటరా?"

"కోర్టు గదనే పిల్లా. తుమ్మినా రాస్తరు. రాసి, ముద్రేసి, బీరువల పెట్టి తాళం ఏస్తరు. మన మనుమలు వచ్చినా తీసి సూడొచ్చు."

అద్దంల సూసిన. పెదవులు కదులుతున్నయ్, ఏదో లెక్క జేసినట్టు. నేను ఒట్టిగ అన్న మాట. జిందగీల నేనన్న మాటలన్నీ ఒట్టిగన్నవే.

*

పొద్దుమీకి గుమ్మడిదల పోయిన. బావ మొదటి షిఫ్ట్ దిగి ఇంట్లనే ఉన్నడు. వాళ్లమ్మ మల్లవ్వకు గ్లాసుల పాలు పట్టిస్తుండు. ముసలామె తుంటి ఇరిగి మంచం పట్టి మూడు నెల్లాయె. ఇంట్ల మందుల వాసన, బయట కంపెనీల వాసన. ఏది ఏదో తెలుస్తలేదు.

"రా బామ్మర్దీ. ఎప్పుడొస్తవా అని చూస్తున్న."

"బావా, గా కాయితం వాపస్ తీస్కో."

"ఏ కాయితం? నేను దస్కత్‌లు పెట్టిందా?" తువ్వాలతోని అమ్మ మూతి తుడిసి, ముందటింట్లకొచ్చి కూసున్నడు. "నా చేతికి గూడ గంత మంచిగ రావురా అవి. రాత మాత్రం నీ లెక్కనే ఉన్నది."

"నువ్వు పెట్టలే అని నీకెరికె."

"నాకెరికె, నీకెరికె. మూడో మనిషికి చెప్పాలంటే నువ్వే చెప్పుకోవాలె. పో, జడ్జి ముందల నిలవడి నేనే గీకిన మేడం అను. దొంగ దస్కత్ అని నిన్ను లోపలేస్తరు. పిల్లకు తెల్వకుంట జరిగిందంటే నమ్ముతరా? స్కూల్ల నుంచి తీసేస్తరు. పరీక్షలకు మూడు నెల్లున్నయ్. హాల్ టికెట్ ఎవడిస్తడు?"

బావ కంపెనీల సూపర్‌వైజరు. మాట అంత తూకం వేసినట్టుంటది. నాకు ఎన్నడు ఎదురు మాట దొరకదు, అందుకే ఎక్కిరిస్త.

"తీస్కొచ్చి ఏం జేస్తవ్ పిల్లను?"

"నా బిడ్డ నా ఇంట్ల ఉంటే తప్పా?"

"ఎవలు బిడ్డా?" లోపటి నుంచి మల్లవ్వ. "మహిత వచ్చిందా?"

"కాదమ్మా, ఐలన్న."

"మహితను జల్దీ తోలుకరాండ్రి. మంచినీళ్లిచ్చేటోళ్లు లేక నాలిక పీక్కపోతుంది."

బావ నా దిక్కు సూడలే. నేను బావనే సూసిన.

"గందుకా?"

"నేను డ్యూటీకి పోతే ఎనిమిది గంటలు ఆమె ఒక్కతే. పెట్టుకున్న మనిషి వారం నిలుస్తలేదు."

"మరి టెన్తు?"

"ఈడ బడి లేదా? నడి సంవత్సరంల చేర్చుకుంటే చేర్చుకుంటరు, లేకుంటే వచ్చే ఏడు ప్రైవేటుగ కట్టిస్త. లెక్కల్ల పదకొండు వచ్చినయ్ గదరా. ఆడుంటే ఏంది, ఈడుంటే ఏంది."

"పదకొండు అని నీకెట్ల తెల్సు బావా?"

బావ తువ్వాల మడత పెట్టిండు. మళ్ల ఇప్పిండు.

"బడిల అడిగి జిరాక్స్ తీస్కున్న గద, నువ్వు దస్కత్ పెట్టిన కార్డు చూసే. ఏడో తరగతిల తొంభై రెండు వచ్చినయ్ దానికి. స్వీట్ డబ్బా తెచ్చిన." తువ్వాల బుజం మీదేసుకున్నడు. "దస్కత్ కోసం నా దగ్గెరికి ఎందుకు రాలేరా అది?"

"జూన్ల మూడు సార్లు ఫోన్ జేసింది. నువ్వు ఎత్తలే."

మల్లవ్వ మళ్ల పిలిసింది. బావ లేసి లోపటికి పోయిండు. కాయితం ముచ్చట మాత్రం గాడనే ఉండిపోయింది.

*

సంగారెడ్డి కోర్టు వరండల బెంచీలు నిండిపోయినయ్. అక్క ఒక సివర, వకీలు సారు పక్కకు. బావ ఇంకో సివర, స్తంభానికి ఆనుకొని ఫోన్ల. నడుమల నేను, ఒళ్లె మహిత బ్యాగు పెట్టుకొని. పిల్ల ఒక్కతే జడ్జమ్మ అర్రలకు పోయి అర్ధగంట అయింది.

నిన్నటి సంది తల్లీబిడ్డలకు మాట లేదు. పొద్దుగాల అక్క జడేస్తుంటే సూసిన. దువ్వెన తోనే మాట్లాడుకున్నట్టుండె ఇద్దరు.

రాత్రంత నిద్ర లేక నేను తయ్యారు జేసుకున్న మాట ఒకటున్నది. లోపల వెయ్యనీ. హాల్ టికెట్ కోసం హెడ్ మాస్టర్ కాళ్లు పట్టుకుంట. ముందు పిల్లకు సెప్పాలె, ఎన్క జడ్జమ్మకు సెప్పాలె.

తలుపు తీసిన్రు. మహిత వచ్చింది. సీదా వచ్చి నా పక్కకు కూసున్నది.

"ఏమడిగిందే?"

"ఎవల తోని ఉంటవ్ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"బాపు నెలనెలా కార్డు చూస్తడు, దస్కత్ పెడ్తడు అని చెప్పిన. బాపు తోని ఉంట అన్న."

బ్యాగు పక్కకు పెట్టి దాని దిక్కు తిరిగిన.

"కోడలా, ఒక మాట సెప్త. కొట్టు, తిట్టు, నీ ఇష్టం. గా దస్కత్‌లు..."

"నువ్వే పెట్టినవ్."

"ఎప్పటి సంది ఎరికె?"

"మొదటి నెల నుంచే. 'మంచిగ సదువు' అని రాసినవ్. బాపు స అనడు మామా, చ అంటడు. అమ్మను దిద్దేటోడు గద, ఆయనే తప్పు రాస్తడా?"

జిందగీల ఎన్ని మోసాలు జేసిన, ఎవ్వలు పట్టలే. ఒక్క అక్షరం కాడ దొరికిన.

"మరి నవ్వినవ్ గదనే గా దినం!"

"నువ్వు గంత కష్టపడి రాసినవ్ గద. నాలిక బయటపెట్టి రాస్తవ్, అద్దంల చూసిన." జెర నవ్వొచ్చినట్టయి పోయింది దాని మొకంల. "చెప్తే బంజేస్తవ్ అని చెప్పలే."

"ఇగ నడు. ఇద్దరం లోపటికి పోయి ఉన్నదున్నట్టు సెప్దాం."

లేసిన. నా అంగి పట్టి గుంజింది. చౌరస్తల లారీ అడ్డమొస్తే పట్టుకున్నట్టు పట్టుకున్నది.

"వద్దు. చెప్తే రాస్తరు."

"ఏమని రాస్తరే?"

"బాపు ఒక్కసారి గూడ నా కార్డు చూడలే అని. ఫోన్ చేస్తే ఎత్తలే అని. రాసి, ముద్రేసి, బీరువల పెడ్తరు. నువ్వే చెప్పినవ్ గద. అది ఎప్పటికీ ఉంటది మామా. ఎవలన్న తీసి చదువుతరు."

నా మాట. ఆటోల ఒట్టిగ అన్న మాట.

"ఆడికి పోతే నిన్ను నాయినమ్మ మంచం కాడ కూసోబెడ్తడే. బడి లేదు, ఏం లేదు."

"తెల్సు. నాయినమ్మ ఫోన్ల ఏడ్చింది."

"తెల్సి పోతవా? సదువు పోతది పిల్లా!"

"ఈడ మాత్రం ఎక్కుతుందా?" మెల్లగన్నది. "బోర్డు మీద అంకెలు కనవడ్తయ్ మామా, లెక్క కనవడది. సారు లేపి అడిగితే సారు నోరే చూస్త, మాట వినవడది. అమ్మ గూడ పొమ్మన్నది. నేను పోతే అమ్మ అన్నం తింటదేమో."

నాకు పదారేండ్లప్పుడు నాయిన సచ్చిపోతే కూడ గింత ముసలి మాట నా నోట్ల రాలే. దీనికి పదిహేనే.

మహిత బ్యాగు జిప్పు తీసింది. కార్డు తీసింది. అసలుది. ఏడో వరుసల హాఫ్ ఇయర్లీ మార్కులు. లెక్కలు ఎనభైకి తొమ్మిది. దస్కత్ జాగ ఖాళీ.

"జడ్జి మేడం అసలు కార్డు చూస్త అన్నది. బాపు కాడున్నది, దస్కత్ పెట్టిచ్చి లంచ్ అయినంక తెస్త అని చెప్పిన. పెట్టు."

"మీ బాపు గాడ స్తంభం కాడనే ఉన్నడు గదనే! ఆయన తోనే పెట్టిచ్చుకో పో."

బాపు దిక్కు సూసింది. బావ ఫోన్ల నవ్వుతుండు ఎవలితోనో.

"ఇయ్యాల పెడ్తడు మామా. జడ్జి చూస్తది గద. గది వద్దు నాకు." పెన్ను మూత తీసి నా సేతుల పెట్టింది. "నీదే పెట్టు. ఇంకో మాట. మేడం ఆ జిరాక్స్‌ల 'సదువు' కింద పెన్సిల్‌తోని గీత కొట్టింది. ఆరు చోట్ల కొట్టింది. మీ బాపు అర్జీల మంచిగ చ రాసిండే, ఈడ స ఎందుకున్నది అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"తొందరల రాసిండేమో అన్న. నమ్మలే. అందుకే అసలు కార్డు అడిగింది. ఈసారి చ రాయి."

కార్డు నా మోకాలు మీద పెట్టుకున్న. ముందల దస్కత్ గీకిన. గా దస్కత్‌ల చ ఎప్పుడూ మంచిగనే వస్తది, అది బావ పేరు గద. పక్కకు 'మంచిగ' అని రాసిన. పెన్ను ఆగింది.

స రాస్తే జడ్జమ్మకు తెలుస్తది. పిల్ల అక్క కాడ ఉంటది. బాపు దీని కార్డు ఎన్నడు సూడలే అన్న మాట ముద్రతోని బీరువల ఉంటది. పిల్ల నా మొకం మళ్ల సూడదు.

చ రాస్తే గుమ్మడిదల.

"జల్దీ మామా, అమ్మొస్తుంది."

తల ఎత్తిన. అక్క వరండల నడుసుకుంట వస్తుంది, సేతిల అరటిపండ్లు, కాయితంల సుట్టినయ్. నిన్నటి సంది ఇద్దరు ఏం తినలే. నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగింది. మొదలు మహిత మొకం సూసింది. ఎన్క కార్డు. ఎన్క నా ఏళ్ల నడుమ పెన్ను.

"అమ్మా, బాపు ఇప్పుడే పెట్టి ఇచ్చిండు," అన్నది మహిత, రెప్ప కొట్టకుంట.

అక్క పెన్ను మీదికెళ్లి కండ్లు తియ్యలే.

లోపటి నుంచి బంట్రోతు అక్క పేరు, బావ పేరు కలిపి పిలిసిండు. ఇద్దరి పేర్లు ఒక్క నోట ఇని రెండేండ్లాయె.

నేను ముందల తలకట్టు పెట్టిన. స అయినా, చ అయినా గదే తలకట్టు. దాని కింద ఖాళీ ఉన్నది.